తెలుగు అక్షరానికి అంచు: యాక్రిలిక్ బోర్డుల పనిపై సమీక్ష

2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లా విడిపోయి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. అదే విడతలో జగిత్యాల జిల్లాలోని బుగ్గారం మండల కేంద్రమైంది. అంతకుముందు ఆ ఊరి పేరు నియోజకవర్గం పేరుగా జనానికి తెలుసు. 2009 ఎన్నికల నాటికి ఆ స్థానంలోకి ధర్మపురి వచ్చింది. జిల్లా మారితే బోర్డూ మారాలి. ఆఫీసుల దగ్గర్నుంచి కిరాణా కొట్ల దాకా ‘కరీంనగర్ జిల్లా’ ఉన్న చోట ‘జగిత్యాల జిల్లా’ అని రాయించుకోవాల్సి వచ్చింది. 2024 మార్చిలో తెలంగాణ పొట్టిపేరు టీఎస్ కాస్తా టీజీ అయ్యాక ప్రభుత్వ బోర్డులకు మరో విడత మార్పు తప్పలేదు. ఇన్ని మార్పులు జరిగిన ఈ పదేళ్లలోనే చేతిరాత బోర్డు వెనక్కి తగ్గింది. ఫ్లెక్సీకి తోడుగా ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) పలక మీద యాక్రిలిక్ అక్షరాలు నిలబెట్టే పద్ధతి మన చిన్న పట్టణాల్లోనూ పాతుకుపోయింది.

ఈ బోర్డుల్లో ముందుగా చెడేది రంగు కాదు, అంచు. ఎండను తట్టుకోవడంలో యాక్రిలిక్‌ది మంచి పేరు. అసలు సరుకైతే ఏళ్ల తరబడి ఎండలో ఉన్నా పసుపెక్కదు. కానీ అక్షరం పక్కల వెంట్రుకంత సన్నని పగుళ్లు పుడతాయి, స్క్రూ బెజ్జం నుంచి చీలిక బయల్దేరుతుంది, మూలలు పెచ్చులూడతాయి, అక్షరం కింది వత్తు రాలిపోతుంది. బోర్డు చేయించుకునేవాళ్లు రంగు గురించీ లైటు గురించీ అడుగుతారు. అంచును ఎలా నునుపు చేశారో, ఏం పెట్టి అతికించారో అడిగేవాళ్లు అరుదు. చేసేవాళ్లు కూడా అంచు పనిని మెరుపు కోసం చేసేదిగానే చూస్తారు. అసలు సంగతి మెరుపు కాదు, అంచులో ఇరుక్కుపోయే బిగువు. తెలుగు అక్షరాల విషయంలో ఇది మరీ ముఖ్యం. అంచు పని గురించి ప్రపంచంలో పోగుపడిన పరిజ్ఞానమంతా దాదాపు తిన్నటి గీతలున్న పలకల చుట్టూ, రోమన్ లిపి చుట్టూ పెరిగింది. మన లిపికి అది ఎంతవరకు పనికొస్తుందో మనమే తేల్చుకోవాలి.

ముందు పదార్థం గురించి నాలుగు మాటలు. యాక్రిలిక్ అసలు పేరు పాలీమిథైల్ మిథాక్రిలేట్. 1930ల తొలినాళ్లలో జర్మనీలో ఓటో రోమ్ కంపెనీ, ఇంగ్లండ్‌లో ఐసీఐ దాదాపు ఒకే కాలంలో దీన్ని పలకలుగా పోయడం నేర్చాయి. జర్మనీ వాళ్ల పలక ప్లెక్సీగ్లాస్ అయింది, ఇంగ్లండ్ వాళ్లది పెర్‌స్పెక్స్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కాక్‌పిట్ గాజులు దీనితోనే చేశారు. అవి పగిలి యాక్రిలిక్ ముక్కలు కళ్లలో గుచ్చుకున్న పైలట్లకు వైద్యం చేస్తూ, ఆ ముక్కల వల్ల కంటికి వాపు రావడం లేదని గమనించిన హెరాల్డ్ రిడ్లీ, 1949 నవంబరులో లండన్‌లో తొలి కృత్రిమ కటకాన్ని అమర్చాడు. 1992లో మదురైలో మొదలైన ఆరోల్యాబ్ ఇవే కటకాలను చవకగా చేసి పేదల కళ్లకు అందించింది. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న పాతతరం పెద్దల కళ్లలో ఉన్నదీ, వాళ్ల ఊరి మెడికల్ షాపు బోర్డు మీద ఉన్నదీ ఒకే పదార్థం. కంటి కటకాల తయారీలో అంచు నునుపు గురించి పెద్ద శాస్త్రమే పెరిగింది. గరుకు అంచు కంటి లోపల గీసుకుంటుంది కాబట్టి అక్కడ ఎవరూ ఉదాసీనంగా ఉండలేరు. బోర్డు విషయంలోనే ఉదాసీనత చెల్లుబాటైపోతోంది.

ఇప్పుడు మన లిపి సంగతి. ‘బుగ్గారం’ అన్న మాటను 5 మి.మీ. షీటు మీద కోశామనుకోండి. పలికేటప్పుడు అవి మూడక్షరాలే. షీటు మీంచి లేపేసరికి మామూలు ఫాంట్లలో ఐదు ముక్కలు: బు, గా, దాని కింది గ వత్తు, ర, చివరి సున్నా. సున్నాకు బయటి అంచు ఒకటి, లోపలి అంచు ఒకటి. ర కడుపులోనూ లోపలి అంచుంది. ప, స, హ లాంటి అక్షరాలకు చాలా ఫాంట్లలో తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా నిలుస్తుంది. కోతలో అదీ వేరే ముక్కే, అదీ గోరంత ముక్క. బోర్డు పాతబడ్డాక తలకట్టు పోయిన ‘ప’, సిరిసిల్ల, కోరుట్ల లాంటి పేర్లున్న చోట వత్తు పోయిన ‘ల్ల’, ‘ట్ల’ కనబడటం వింతేమీ కాదు. చిన్న ముక్కకు అతుకు పట్టే జాగా తక్కువ, పక్కనుండే అంచు ఎక్కువ. అతుకు మందులోని ద్రవం అంచుకు తగిలే అవకాశమూ ఎక్కువే.

అంచును నునుపు చేసే పద్ధతులు నాలుగైదున్నాయి. ఆకురాయితో మొదలుపెట్టి వాటర్ పేపర్‌తో 220, 400, 600, 800, 1000 నంబర్ల మీదుగా తడిపి రుద్దుకుంటూ పోయి, ఆఖరున గుడ్డ చక్రం మీద మైనం పట్టించి మెరిపించడం పాత పద్ధతి. శ్రమ ఎక్కువే గానీ బిగువు దాదాపు చేరదు. చక్రాన్ని ఒకేచోట అదిమి వేడెక్కిస్తే మాత్రం చేరుతుంది. వజ్రపు కొనలున్న కట్టర్‌తో పలక అంచును గీకి అద్దంలా చేసే యంత్రాలున్నాయి. అద్భుతమైన పని, అయితే తిన్నటి అంచు మీదే. నేమ్‌ప్లేట్లకూ షీల్డులకూ అది సరిపోతుంది. సున్నా లోపలికి ఆ కట్టరూ పోదు, గుడ్డ చక్రమూ పోదు. చేత్తో వాటర్ పేపర్ చుట్టి ప్రతి వత్తు లోపలి వంపునూ రుద్దమంటే ఆ కూలి ఇచ్చేవాళ్లుండరు.

మిగిలినవి రెండు: మంట, లేజర్.

మంట పాలిష్ అంటే సన్నని జ్వాలను అంచు వెంబడి చకచకా నడిపించి పైపొరను కరిగించడం. హైడ్రోజన్–ఆక్సిజన్ మంటైతే మసి ఉండదు. మామూలు గ్యాస్ టార్చితో చేస్తే పొగచూరే ప్రమాదం ఉంది. చేయి తిరిగినవాడు చేస్తే వంపుల్లోకీ సున్నాల్లోకీ మంట పోతుంది, క్షణాల్లో గాజులా మెరుస్తుంది. ఒక్క క్షణం ఎక్కువ ఆగితే బుడగలొస్తాయి. అంతకన్నా ఆగితే అంటుకుంటుంది, యాక్రిలిక్ బాగా మండే సరుకు.

లేజర్ సంగతి వేరు. బోర్డు దుకాణాల్లో ఉండే సీఓ2 లేజర్ కోస్తూనే అంచును కరిగించి మెరిపిస్తుంది. వేగం తగ్గించి, గాలి ఊదడాన్ని బాగా తగ్గించి కోస్తే అంచు గాజులా వస్తుంది. గాలి గట్టిగా కొడితే అంచు మసకబారుతుంది. షీటును కింది జల్లెడ పలక నుంచి కాస్త ఎత్తి పెట్టకపోతే కిరణం తిరిగి తగిలి అడుగున మచ్చలు పడతాయి. ఇంకో తేడా షీటులోనే ఉంది. అచ్చులో పోసిన కాస్ట్ షీటు లేజర్ కింద శుభ్రంగా కోతకొస్తుంది. యంత్రంలోంచి నెట్టి తీసిన ఎక్స్‌ట్రూడెడ్ షీటు చవక, మందం కూడా సమంగా ఉంటుంది, కానీ అది కరిగి అడుగు అంచున కడ్డీ కట్టినట్టు గట్టిపడుతుంది, లోపలి బిగువు కూడా దాంట్లోనే ఎక్కువ. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బిల్లులో ఏది రాశారో చూసుకోవాలి.

దుకాణంలో ‘లేజర్ కొట్టినంక ఇంకేం పాలిష్ అన్నా’ అనే మాట వినబడుతుంటుంది. మెరుపు వరకు ఆ మాట నిజం. కరిగిన పైపొర చల్లారేటప్పుడు ముడుచుకోవాలని చూస్తుంది. దాని వెనకున్న చల్లని ముద్ద ముడుచుకోనివ్వదు. అలా ఆ పొర లాగిపట్టిన స్థితిలోనే గడ్డకడుతుంది. కంటికి ఏమీ కనబడదు. దానికి థిన్నర్ తగిలినా, స్పిరిట్ తగిలినా, అమ్మోనియా కలిసిన అద్దాలు తుడిచే ద్రవం తగిలినా ఆ బిగువు ఒక్కసారి తెంచుకుంటుంది. ముక్కను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి: అంచు నుంచి లోపలికి, అంచుకు నిలువుగా, సన్నని వెండి గీతలు వరుసగా బారులు తీరి కనబడతాయి. వాటిని తుడవలేం, రుద్దలేం, పాలిష్‌తో పోగొట్టలేం.

దీనికి విరుగుడు కొత్తది కాదు. కోసిన ముక్కను పొయ్యిలో సుమారు 80 డిగ్రీల దగ్గర నిలిపి మెల్లగా చల్లార్చడమే. దీన్ని అనీలింగ్ అంటారు. 4 మి.మీ. లోపు మందానికి గంట, ఆపైన మందాన్ని 4తో భాగిస్తే ఎన్ని వస్తే అన్ని గంటలు అన్నది వాడుకలో ఉన్న లెక్క. యాక్రిలిక్ మెత్తబడేది 105 డిగ్రీల చుట్టుపక్కల కాబట్టి 80 దగ్గర ఆకారం చెడదు, బిగువు మాత్రం సడలుతుంది. పైన అంటించిన రక్షణ పొరను ముందే తీసెయ్యాలి. పొయ్యి ఆపాక లోపల వేడి 60 డిగ్రీల కిందికి దిగేదాకా తలుపు తీయకూడదు. వంటింటి ఓవెన్ మీద ముల్లు చూపించే వేడిని నమ్మలేం కాబట్టి లోపల వేరే థర్మామీటర్ ఉండాలి. పెద్ద పెద్ద అక్వేరియం గోడలకు తప్పనిసరిగా చేసే ఈ పనిని చిన్న పట్టణాల బోర్డు దుకాణాలు దండగ అనుకుంటాయి. అక్షరాలు సన్నవి, ఒక అరలో డజన్ల కొద్దీ పడతాయి, గంటో గంటన్నరో చాలు. ఈ సమీక్షలో నేను గట్టిగా నిలబడే మాట ఇదొక్కటే: తెలుగు అక్షరాలకు లేజర్ తప్పదు కాబట్టి అనీలింగ్ కూడా తప్పకూడదు. మంట పాలిష్ చేసిన అంచుకైతే మరీ తప్పకూడదు.

దుకాణంలో పొయ్యి లేకపోతే కనీసం ఒక పరీక్ష చేసుకోవచ్చు. అదే షీటు నుంచి, అదే లేజర్ సెట్టింగ్‌తో కోసిన వ్యర్థపు ముక్క అంచుకు స్పిరిట్ రాసి కాసేపు పక్కన పెట్టాలి. వెండి గీతలు పుడితే ఆ విడతలో కోసిన అక్షరాలన్నిటికీ అదే గతి అని తెలిసిపోతుంది. అప్పుడైనా వేగమో షీటో మార్చుకోవచ్చు.

అతుకుల విషయంలో ప్రమాదం ఇంకాస్త పెద్దది. డబ్బా అక్షరాలకూ స్టాండులకూ మన దగ్గర ఎక్కువగా వాడేది క్లోరోఫాం. సిరంజిలో తీసుకుని సందులోకి వదిలితే పాకిపోయి రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. అతుకు అద్దంలా వస్తుందని దాన్ని మెచ్చుకుంటారు. అనీలింగ్ లేని లేజర్ అంచుకు అదే క్లోరోఫాం తగిలితే అతుకు పక్కనే పగుళ్లు మొదలవుతాయి. అందుకే అతికించాల్సిన అంచుకు మంట పాలిష్ పెట్టకూడదని పనివాళ్లకు చెబుతారు. కనబడే అంచుకు మెరుపు, అతికే అంచుకు సన్నని వాటర్ పేపర్ రుద్దుడు మాత్రమే.

క్లోరోఫాం గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. దాని ఆవిరి కాలేయానికీ మూత్రపిండాలకూ చేటు. ఆ ఆవిరి మంటకు తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని చంపడానికి వదిలిన వాయువు అది. మంట పాలిష్ టార్చీ, క్లోరోఫాం సీసా ఒకే బల్ల మీద, షట్టర్ సగం దించిన ఇరుకు గదిలో ఉండటం ఎంత మాత్రం క్షమించదగ్గ అలవాటు కాదు. ఇదే పనికి వాడే డైక్లోరోమీథేన్‌ను అమెరికా పర్యావరణ సంస్థ 2024లో చాలా వాడకాల్లో నిషేధించింది. మన దగ్గర ఈ అతుకు పని చేసేది చాలాసార్లు ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. కిటికీ తెరవడం, బయటికి గాలి లాగే ఫ్యాను పెట్టడం, అతుకు బల్లనూ మంట బల్లనూ వేరు చేయడం పెద్ద ఖర్చు లేని పనులు. వాటిని మెరుపు కంటే ముందు పెట్టాలి.

ఏసీపీ మీద అక్షరం నిలబెట్టడానికి సిలికాన్ వాడేవాళ్లున్నారు. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, బిగువున్న అంచుకు అది పడదు. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసిన రకం తీసుకోవాలి. చుక్క వేస్తే చటుక్కున పట్టే గమ్ము తెల్లటి బూజులా ఆవిరి మచ్చలు పరుస్తుంది. నల్ల అక్షరం పక్కన ఆ తెలుపు జీవితాంతం ఉంటుంది. నురుగు లాంటి మందమున్న మంచి రెండు వైపుల టేపు చాలా అక్షరాలకు సరిపోతుంది. అక్షరం, పలక వేర్వేరుగా సాగినా అది సర్దుకుంటుంది.

ఆ సాగుడు సంగతి జగిత్యాల ప్రాంతంలో పట్టించుకోకపోతే కుదరదు. ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. ఎండ పడిన ముదురు రంగు బోర్డు ఇంకా ఎక్కువ కాగుతుంది. జనవరి తెల్లవారుజామున అదే బోర్డు వణికిపోయే చలిలో ఉంటుంది. మీటరు పొడవున్న యాక్రిలిక్ ప్రతి 10 డిగ్రీలకు 0.7 మి.మీ. సాగుతుంది. 8 అడుగుల షీటు 40 డిగ్రీల తేడాకు దాదాపు 7 మి.మీ. సాగుతుంది, వెనకున్న అల్యూమినియం దాంట్లో మూడో వంతే సాగుతుంది. ఈ లెక్క మరిచి పలకను నాలుగు మూలలా బిగించేస్తే లాగుడంతా బెజ్జాల మీద పడుతుంది.

బెజ్జం కూడా అంచే. ఈ చిన్న మాట ఎక్కువమంది దృష్టిలో ఉండదు. ఇనుముకు వాడే డ్రిల్ బిట్టు యాక్రిలిక్‌లో చొరబడి అవతలి వైపు పెచ్చు లేపుతుంది. ప్లాస్టిక్ కోసం కొన సన్నగా సానపెట్టిన బిట్టు వాడాలి, వెనక చెక్క పెట్టాలి, ఆఖర్లో ఒత్తిడి తగ్గించాలి. లేజర్‌తోనే బెజ్జం వేయడం ఇంకా సులువు, కాకపోతే ఆ బిగువు గోల మళ్లీ వస్తుంది. బెజ్జం స్క్రూ కంటే పెద్దదిగా ఉండాలి. పలక చివరి నుంచి బెజ్జం వ్యాసానికి కనీసం రెండింతల దూరం వదలాలి. కింద నైలాన్ లేదా మెత్తని వాషర్ పెట్టి, వేలితో బిగించాక ఇంకాస్త మాత్రమే తిప్పాలి. డాక్టర్ల, వకీళ్ల నేమ్‌ప్లేట్లకు స్టీలు స్టడ్లు పెడతారు కదా, వాటి కింద పగిలే ప్లేట్లలో చాలావాటికి కారణం అతిగా బిగించడమే.

ఇదే తర్కం అక్షరాల్లోని లోపలి మూలలకూ వర్తిస్తుంది. కోసుగా ఉన్న మూలలో బిగువంతా ఒక్క చుక్కలోకి చేరుతుంది. రౌటర్‌తో కోస్తే బిట్టు గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూల దానంతటదే గుండ్రబడుతుంది. లేజర్‌కు ఆ మేలు లేదు, అది సూది మొనంత మూలనూ కోసేస్తుంది. డిజైన్‌లోనే ప్రతి లోపలి మూలకూ మిల్లీమీటరు గుండ్రన ఇస్తే చాలు. వంపుల లిపి కావడం ఇక్కడ మనకు కలిసొచ్చింది. దీర్ఘం అక్షరంతో కలిసే చోటు, వత్తులోని మెలికలు మాత్రం చూసుకోవాలి.

వెలుగు అంచులోంచి పోయే బోర్డుల్లో అంచు పాత్ర మారిపోతుంది. పలక అడుగున ఎల్ఈడీ పట్టీ పెట్టి, పలక మీద పేరునో దేవుడి బొమ్మనో చెక్కుతారు. యాక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49. దానివల్ల లోపలికి పోయిన వెలుగు సుమారు 42 డిగ్రీల కంటే వాలుగా తగిలినంతవరకు బయటికి రాదు, చెక్కిన గరుకు దగ్గరే బయటపడుతుంది. వెలుగు చొరబడే అంచు గరుకుగా ఉంటే అక్కడే చెదిరిపోయి అడుగున తెల్లటి పట్టీ, పైన చీకటి మిగులుతాయి. కాబట్టి ఇక్కడ మెరుపుకు నిజమైన ప్రయోజనం ఉంది. ఆ ఒక్క తిన్నటి అంచుకు వజ్రపు కట్టరో, ఓపికగా రుద్దిన వాటర్ పేపరో వాడదగ్గవి. మిగతా మూడు అంచులకు వెండి టేపు అంటిస్తే బయటికి పోయే వెలుగు వెనక్కి మళ్లుతుంది.

అంచును కాపాడటానికి పైన వార్నిష్ వేయాలా అన్నది వివాదం. వేయనక్కరలేదని నా అభిప్రాయం. యాక్రిలిక్‌కు ఎండ నుంచి కాపలా అవసరం లేదు. వార్నిష్‌లో ఉండే థిన్నరే దానికి ముప్పు. రంగు వేయాల్సి వస్తే నీటితో కలిపే రంగు, అదీ వ్యర్థపు ముక్క మీద చూశాకే. రాయి, చేయి, కోతి తగిలే ఎత్తులో ఉన్న పలకకు మాత్రం అల్యూమినియం చానల్ తొడగడం మంచిది. కొండగట్టు, ధర్మపురి పరిసరాల్లో కోతుల బెడద తెలిసినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. చానల్ లోతులో సాగుడుకు ఖాళీ వదలాలి, అడుగున నీరు పోయే బెజ్జాలుండాలి. మెత్తని పీవీసీ బీడింగు తొడిగితే దాన్ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం యాక్రిలిక్‌లోకి పాకి పగుళ్లు తెస్తుంది. నల్లటి ఈపీడీఎం రబ్బరు అయితే ఆ భయం లేదు. వెలిగే డబ్బా బోర్డుల అంచు సందుల్లోంచి వరి కోతలకు ముందు దీపపు పురుగులు గుంపులుగా దూరి అడుగున కుప్పపడతాయి. అక్కడ సన్నని జాలీ పెట్టాలి, సిలికాన్‌తో పూర్తిగా మూసేస్తే లోపల చెమ్మ నిలుస్తుంది. విడి అక్షరాల మీద స్టిక్కరు వేస్తే అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలే ఆపాలి. ఎండకు స్టిక్కరు ముడుచుకున్నప్పుడు అంచు దగ్గరే లేస్తుంది కాబట్టి.

తుడవడానికి సబ్బు నీళ్లు, మెత్తని నూలు గుడ్డ చాలు. ముందు ధూళిని నీళ్లతో జారిపోనిచ్చి ఆ తర్వాత తుడవాలి. పండుగ ముందు దుకాణం కడిగేటప్పుడు థిన్నరో పెట్రోలో గుడ్డకు పట్టించి బోర్డు మీద మరకలు రుద్దడం వల్ల పోయిన అక్షరాలు, ఎండ వల్ల పోయిన అక్షరాల కంటే ఎక్కువ ఉంటాయని నా నమ్మకం.

ఇంతవరకు చెప్పుకున్నదంతా కోసిన తర్వాతి జాగ్రత్త. కోతకు ముందే, అక్షరం గీసే చోట చేయాల్సిన పని, నాకు తెలిసినంతవరకు, ఇంకా ఎవరూ సరిగ్గా మొదలుపెట్టలేదు. రామభద్ర, మల్లన్న, సురవరం, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, మార్చి వాడుకునే అనుమతితో సహా. వాటిల్లో లావుపాటి రామభద్ర బోర్డులకు బాగా పనికొస్తుంది. ఇవి కాగితానికీ తెరకూ గీసినవి. విడిగా నిలిచే తలకట్టునూ వత్తునూ సున్నానూ కలిపే సన్నని వంతెన, లోపలి మూలలకు గుండ్రన, మరీ సన్నబడే చోట కనీస మందం పెట్టి యాక్రిలిక్ కోతకే ఒక రూపం సిద్ధం చేయవచ్చు. వంతెన వేయడం చదువరి కంటికి ఇబ్బందైన చోట, అక్షరం మొత్తాన్ని 3 మి.మీ. పారదర్శక పలక మీద నిలిపి ఆ పలకనే గోడకు బిగించవచ్చు. అప్పుడు వత్తు అతుకు ఊడినా కిందపడదు. బ్రష్షుతో బోర్డులు రాసి, ఇప్పుడు పని తగ్గిన పెయింటర్లు జగిత్యాలలో, కోరుట్లలో ఇంకా ఉన్నారు. ఏ వత్తు ఎంత కిందికి దిగితే దూరం నుంచి చదవొస్తుందో, తలకట్టు ఎక్కడ తాకినా అక్షరం మారదో వాళ్లకు చేతి అలవాటు. లేజర్ యంత్రం ముందు కూర్చునే కుర్రవాడి పక్కన అలాంటి పెద్దాయన్ని కూర్చోబెట్టి, ‘బుగ్గారం’తోనే మొదలుపెట్టి మండలాల పేర్లన్నీ ఒక్కొక్కటిగా గీయించాలి.